పట్టాభిషేకం తర్వాతి పేజీ

పోయిన వేసవిలో మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. 19 ఏళ్ళవాడు. నా పుస్తకాల బీరువా ముందు నిలబడి సన్నటి పేపర్‌బ్యాక్ ఒకటి బయటికి లాగి, "డ్యూన్ రెండో పార్టా మామయ్యా ఇది? దీంట్లో పాల్ విలనైపోతాడు కదా" అన్నాడు. చదివావా అని అడిగాను. చదవలేదట. రెండు సినిమాలు చూశాడు, వాటి మీద ఓ పది వీడియోలు కూడా చూశాడు. "అసలు మొదటి దాంట్లోనే వాడు విలన్. జనాలకే అర్థం కాలేదు. అందుకే రైటరు ఇంకో బుక్కు రాసి మరీ చెప్పాల్సొచ్చింది" అని తేల్చేసి, పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేసి భోజనానికి వెళ్ళిపోయాడు.

వాడి మీద కోపం రాలేదు గానీ, ఆ "జనాలు" అన్న మాట మాత్రం గుచ్చుకుంది. ఆ జనాల్లో నేనూ ఒకణ్ణి.

ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన సైన్స్ ఫిక్షన్ నవల డ్యూన్‌ని నేను చదివింది 2004లో, ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 40 రూపాయలకు దొరికింది. అట్ట సగం చిరిగిపోయి ఉంది. సెమిస్టర్ పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని నాలుగు రాత్రుల్లో పూర్తి చేశాను. చుక్క వాన పడని అరాకిస్ అనే ఎడారి గ్రహం, చచ్చిపోయిన మనిషి ఒంట్లోని తడిని కూడా పిండి దాచుకునే ఫ్రెమెన్ జనం, కొండల్లాంటి ఇసుక పురుగులు. తండ్రిని కుట్ర చేసి చంపితే, తల్లితో కలిసి ఆ ఎడారిలోకి పారిపోతాడు 15 ఏళ్ళ పాల్ అట్రైడీస్. అక్కడి మనుషుల్నే సైన్యంగా చేసుకుని తిరిగొచ్చి చక్రవర్తి చేత గద్దె ఖాళీ చేయిస్తాడు. అడవికి పోయినవాడు తిరిగొచ్చి రాజ్యం తీసుకోవడమంటే మనకు ఉగ్గుపాలతో పట్టిన కథే. చివరి కత్తియుద్ధం దగ్గరికి వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చున్నాను. "ఏంట్రా, విజిల్ వేస్తావా ఏంటి?" అన్నాడు రూమ్మేటు. హాస్టల్ కాకపోతే వేసేవాణ్ణే.

రెండో నవల 'డ్యూన్ మెసయ్య' కోసం మూడు నెలలు తిరిగాను. దొరికిన రోజు రాత్రే మొదలుపెట్టాను. 12 ఏళ్ళు గడిచిపోయాయి. పాల్ గద్దె మీదున్నాడు. యుద్ధాలు చేయడు, ఎడారిలో తిరగడు, గదుల్లో కూర్చుని మాట్లాడతాడు. అతను దేవుడని నమ్మినవాళ్ళు లోకాలన్నిటి మీదా పడి నరికేస్తున్నారు, ఆపడం అతని వల్ల కాదు. కథ సగం దాటాక కళ్ళు పోతాయి. ప్రాణంలా ప్రేమించిన చాని ప్రసవంలో చచ్చిపోతుంది. గుడ్డివాణ్ణి ఎడారికి వదిలేయడం ఫ్రెమెన్ ఆచారం. ఆ ఆచారం ప్రకారం తనంతట తనే ఇసుకలోకి నడిచిపోతాడు. పుస్తకం అయిపోయింది. మొదటిదాంట్లో సగం మందం కూడా లేదు.

కథ మొత్తం చెప్పేశానని తిట్టుకోకండి. 1969 నాటి నవల ఇది, పైగా కథ ముందే తెలిసిపోవడం గురించే నా గొడవంతా.

ఆ రాత్రి నాకు కలిగింది నిరాశ అంటే చాలదు. ఒకరకమైన అవమానం. పెళ్ళికి పిలిచి శవం ముందు కూర్చోబెట్టినట్టు అనిపించింది. పుస్తకం రూమ్మేటుకిచ్చేశాను, మళ్ళీ అడగలేదు. ఇప్పుడు బీరువాలో ఉన్నది చాలా ఏళ్ళ తర్వాత కొనుక్కున్న కాపీ.

నాలాగా మొహం మాడ్చుకున్న మొదటి పాఠకుడు మామూలు పాఠకుడేం కాదు. జాన్ క్యాంప్‌బెల్, అప్పటి అమెరికన్ సైన్స్ ఫిక్షన్‌కి పెద్దదిక్కు లాంటి సంపాదకుడు. 1963 నుంచి 65 వరకు డ్యూన్‌ను తన 'అనలాగ్' పత్రికలో రెండు విడతల సీరియల్‌గా వేసింది ఆయనే. రాతప్రతి చదివి ఫ్రాంక్ హెర్బర్ట్‌కి రాసిన ఉత్తరంలో, 15 ఏళ్ళ సూపర్‌మ్యాన్‌కి తండ్రివయ్యావు, అభినందనలు అన్నాడు. అంత ముచ్చటపడ్డవాడు రెండో నవల దగ్గరికి వచ్చేసరికి వేయనన్నాడు. ఈ పాల్ విధి చేతిలో బొమ్మ అయిపోయాడు, మన పాఠకులకు కావలసింది విధిని ఎదిరించి గెలిచే బలమైన వీరులు, ఇలాంటివాళ్ళు కాదు అన్నది ఆయన అభ్యంతరం. చివరికి 1969లో 'గెలాక్సీ' పత్రికలో సీరియల్‌గా వచ్చి, అదే ఏడాది పుస్తకమైంది. క్యాంప్‌బెల్ 1971లో పోయాడు. మూడో నవల 'చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్' 1976లో మళ్ళీ అనలాగ్‌లోనే వచ్చింది, అప్పటికి సంపాదకుడు మారాడు.

క్యాంప్‌బెల్‌ని వెక్కిరించడం ఇప్పుడు తేలిక. మూర్ఖుడు, వీరపూజ పిచ్చి ఉన్నవాడు, నవల అర్థం కాలేదు అనేస్తాం. ఆ పిచ్చి ఆయనకు లేదనను. కానీ పాఠకుల నాడి మాత్రం సరిగ్గానే పట్టుకున్నాడు. మొదటి పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నవాళ్ళలో చాలామంది రెండోదాన్ని తిట్టుకున్నారు. దశాబ్దాల పాటు దీన్ని "మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఓపిగ్గా దాటాల్సిన పుస్తకం" అనే చెప్పుకున్నారు.

ఇప్పుడు గాలి పూర్తిగా తిరిగింది. డెనీ విలెన్యూవ్ సినిమాలు 2021లోనూ 2024లోనూ వచ్చాక, ఆయన ఇంటర్వ్యూల్లో మళ్ళీ మళ్ళీ చెప్పిన మాటొకటి అందరి నోళ్ళలో నానింది. పాఠకులు పాల్‌ని హీరోగా తీసుకోవడం చూసి హెర్బర్ట్ బాధపడ్డాడని, ఆ పొరపాటు దిద్దడానికే రెండో నవల రాశాడని. అందుకే తన రెండో సినిమాలో విలెన్యూవ్ చానిని మార్చేశాడు. నవల్లో చాని చివరిదాకా పాల్ పక్కనే ఉంటుంది. సినిమాలో అనుమానపడుతుంది, ఎదురు తిరుగుతుంది, ఆఖర్న ఒంటరిగా వెళ్ళిపోతుంది. ప్రేక్షకుడు పొరబడకుండా తెర మీదే ఒక మనిషిని నిలబెట్టి "వీణ్ణి నమ్మకండి" అనిపించాడన్నమాట. మూడో సినిమా ఈ మెసయ్య కథే. ఇక మా మేనల్లుడి తరానికి పాల్ ఎవరో పుస్తకం తెరవకముందే తెలుసు.

ఈ "దిద్దుబాటు" కథతోనే నాకు పేచీ. హెర్బర్ట్ తనే 1980లో 'ఆమ్ని' పత్రికలో రాసిన వ్యాసంలో, మొదటి పుస్తకం పూర్తి కాకముందే రెండో మూడో పుస్తకాల్లోని భాగాలు కొన్ని రాసేసుకున్నానని చెప్పాడు. అంటే పాఠకులు పొరబడటం చూశాక పుట్టిన ఆలోచన కాదు. ఎత్తు, పల్లం రెండూ ముందే అనుకున్నవి. మనల్ని పైకి ఎక్కించింది కిందికి తోయడానికే. అలా ఎక్కినవాణ్ణి పట్టుకుని "నీకు అర్థం కాలేదు" అనడం ఏం న్యాయం? మెట్లు వేసింది ఆయనే కదా.

మొదటి పుస్తకంలో హెచ్చరికలు లేవా అంటే, ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ చదివితే అడుగడుగునా కనిపించాయి. కైన్స్ అనే గ్రహ శాస్త్రవేత్తను శత్రువులు నీళ్ళు లేకుండా ఎడారిలో వదిలేస్తారు. ఎండకు మతి తప్పి ఇసుకలో పాకుతుంటే, ఎప్పుడో చచ్చిపోయిన తండ్రి గొంతు చెవిలో వినిపిస్తుంది. నీ జనానికి ఒక వీరుడి చేతిలో పడటం కన్నా ఘోరమైన కీడు ఇంకోటి ఉండదు అంటుంది ఆ గొంతు. నవల సారమంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ ఎవరి చేత చెప్పించాడు? చావుబతుకుల్లో ఉన్నవాడి భ్రమలో, చచ్చిపోయినవాడి గొంతుతో. పాల్ బతికున్నాడా లేదా అన్న టెన్షన్‌లో నేను పేజీలు తిప్పేస్తున్నప్పుడు.

మన థియేటర్లో హీరో స్టైల్‌గా సిగరెట్ వెలిగిస్తుంటే తెర అడుగున చిన్న అక్షరాలు వస్తాయి చూడండి, పొగతాగడం ఆరోగ్యానికి హానికరమని. హెర్బర్ట్ హెచ్చరిక సరిగ్గా అలాంటిది. విచిత్రమేంటంటే, జనాన్ని ఆకట్టుకునే నాయకుల నుదుటి మీద "మీ ఆరోగ్యానికి ప్రమాదం" అని చీటీ అంటించాలని ఆయనే తర్వాత్తర్వాత ఉపన్యాసాల్లో చెప్పేవాడు. చీటీ మొదటి పుస్తకంలోనే అంటించాడు, కాదనను. కానీ సిగరెట్‌ని మాత్రం అంత అందంగా వెలిగించాడు మరి. ఆ అక్షరాలు చదవలేదని ప్రేక్షకుణ్ణి నిలదీస్తే ఎలా?

ఇంకో చోటుంది. చివరి అధ్యాయాల్లో పాల్ తన పాత సహచరుడు స్టిల్గర్ వైపు చూస్తాడు. ఎడారిలో తనకు చోటిచ్చినవాడు, ఒక తెగకు నాయకుడు, ఎవరికీ తలవంచనివాడు. అతని కళ్ళలో ఇప్పుడు స్నేహం లేదు, భక్తి ఉంది. స్నేహితుడు పోయి భక్తుడు మిగిలాడని, మనిషి తగ్గిపోయాడని పాల్‌కి ఆ క్షణంలో తెలుస్తుంది. 2004లో ఆ పేరా చదివానో లేదో కూడా గుర్తులేదు నాకు. చదివే ఉంటాను. చదివి, స్టిల్గర్ లాగే చూసి ఉంటాను.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. రెండో పుస్తకం చదివి మండిపడ్డవాడే దాన్ని సరిగ్గా చదివినవాడు. ఆ పుస్తకం ఎదురుచూసేది అతని కోసమే. పాల్ కోసం విజిల్ వేయని మనిషికి మెసయ్యలో పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. ముందే తెలిసి వచ్చినవాడికి అది ఓ రాజమందిరంలో నలుగురు కలిసి పన్నే కుట్ర కథ, అదీ అంత గొప్ప కుట్రేమీ కాదు. జ్వరం ఎప్పుడూ రానివాడికి జ్వరం దిగిన తెల్లవారి ఎలా ఉంటుందో చెప్పినట్టుంటుంది.

మండిపడ్డవాళ్ళ తరఫున ఇంకో మాట కూడా చెప్పాలి. వాళ్ళ ఫిర్యాదులన్నీ హీరో పడిపోయాడన్న ఉక్రోషం నుంచి వచ్చినవే కావు. కొన్ని అచ్చంగా సాహిత్యపు ఫిర్యాదులు, వాటికి అభిమానుల దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

పెద్ద ఫిర్యాదు యుద్ధం గురించి. పాల్ పేరు మీద 12 ఏళ్ళు లోకాలన్నీ తగలబడ్డాయంటారు. ఆ 12 ఏళ్ళూ రెండు పుస్తకాల మధ్య ఖాళీలో పడిపోయాయి. మనం చూడం, విని ఊరుకుంటాం. వినేది కూడా ఒక లెక్కలాగా. పాల్ స్టిల్గర్‌ని చరిత్ర చదవమంటూ పాత భూమి రాజుల గురించి చెప్పే ఘట్టం ఒకటుంది. చెంగిజ్ ఖాన్ 40 లక్షల మందిని చంపాడంటాడు. అంతమందిని ఒక్కడే ఎలా చంపాడని స్టిల్గర్‌కి ఆశ్చర్యం, ఏం ఆయుధం వాడాడో అనుకుంటాడు. నాలాగే, సైన్యాలను పంపి చంపాడంటాడు పాల్. తర్వాత హిట్లర్ ప్రస్తావన వస్తుంది, 60 లక్షలకు పైగా. అదేమంత గొప్ప లెక్క కాదు ప్రభూ అంటాడు స్టిల్గర్. అప్పుడు పాల్ తన పద్దు చదువుతాడు, తక్కువలో తక్కువ లెక్క అంటూ. 6,100 కోట్ల మంది చచ్చారు, 90 గ్రహాల మీద ప్రాణి అన్నది మిగల్లేదు, ఇంకో 500 గ్రహాలు చితికిపోయాయి, 40 మతాలవాళ్ళు నామరూపాల్లేకుండా పోయారు.

సినిమాలు వచ్చాక ఈ ఘట్టాన్ని అందరూ ఎత్తి చూపిస్తున్నారు, ఇదిగో సాక్ష్యం అని. నాకైతే ఎప్పుడు చదివినా అది అంకెలాగే ఉంటుంది. 6,100 కోట్లంటే నా మనసు మీద దేనికీ అతుక్కోదు. స్టిల్గర్‌కీ అతుక్కోలేదు, ఘట్టంలోని వ్యంగ్యమే అది అంటారా? ఒప్పుకుంటాను. తెలివైన వ్యంగ్యమే. కానీ స్టిల్గర్ మొద్దుబారడాన్ని చూపించడానికి పాఠకుణ్ణి కూడా మొద్దుబార్చడం ఎంతవరకు పనికొస్తుంది? మొదటి పుస్తకంలో ఒక్క జామిస్ అనేవాడు కత్తిపోటుకు పడిపోతే, వాడి అంత్యక్రియలూ, వాడి ఒంట్లోంచి తీసిన నీళ్ళూ, వాడి కోసం పాల్ కార్చిన కన్నీళ్ళూ పేజీల కొద్దీ రాశాడు. నీళ్ళు అంత విలువైన చోట చచ్చినవాడికి కన్నీళ్ళిస్తున్నాడే అని చుట్టూ ఉన్నవాళ్ళు విస్తుపోతారు. ఆ ఒక్క చావు నాకు 20 ఏళ్ళుగా గుర్తుంది.

అయితే అదే రెండో నవల్లో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ముసలివాడున్నాడు. పేరు ఫరోక్. పాల్ సేనలో పోరాడి వచ్చి, ఊరి శివార్లలో ఉంటున్నాడు. యుద్ధంలో కళ్ళు పోయిన అతని కొడుకు పక్కనే కూర్చుని వాయిద్యం వాయిస్తుంటాడు. ఈ ఫరోక్ యుద్ధానికి ఎందుకు వెళ్ళాడో చెబుతాడు. దేవుడి కోసం కాదు, రాజ్యం కోసం కాదు. సముద్రం అన్నది ఒకటి ఉంటుందని విన్నాడు, దాన్ని చూద్దామని వెళ్ళాడు. ఎడారిలో పుట్టి, చెమటను కూడా వడకట్టుకుని తాగినవాడికి అన్ని నీళ్ళు ఒక్కచోట ఉంటాయంటే నమ్మకం కుదరలేదు. చివరికి ఏదో గ్రహం మీద సముద్రంలోకి దిగాడు. ఆ నీళ్ళు మింగాడు, జబ్బుపడ్డాడు. బయటికి వచ్చేసరికి అతనికి యుద్ధప్పిచ్చి నయమైపోయింది.

రెండు మూడు పేజీలంతే. పవిత్ర యుద్ధమని పేరు పెట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు ఎందుకు కదిలాయో, కదిలినవాళ్ళకు చివరికి ఏం మిగిలిందో ఆ పేజీల్లో నాకు తెలిసింది. 6,100 కోట్లలో తెలియనిది ఒక ముసలివాడి నోట్లోని ఉప్పునీళ్ళలో తెలిసింది. ఇలాంటి ఫరోక్‌లు ఇంకో నలుగురు ఉండి, గ్రహాల మధ్య ఓడలు నడిపే గిల్డ్ అనే సంఘం ప్రతినిధి ఎడ్రిక్ తొట్టెలో తేలుతూ చెప్పే ఉపన్యాసాలు సగం ఎగిరిపోయి ఉంటే, క్యాంప్‌బెల్ కూడా ఏమైనా మెత్తబడేవాడేమో. బిజాజ్ అనే మరుగుజ్జు పొడుపుకథల మాటల గురించి నేనేం చెప్పను. మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఆవలించాను.

అన్నేళ్ళ తర్వాత మళ్ళీ కొనుక్కోవడానికి కారణం మాత్రం మొదటి పుస్తకంలోని ఆఖరి వాక్యం. పాల్ రాజకీయం కోసం చక్రవర్తి కూతురు ఇరులాన్‌ని పెళ్ళాడాలి. చాని ఉంపుడుగత్తెగానే ఉండిపోవాలి. అదే స్థితిలో జీవితమంతా గడిపిన పాల్ తల్లి జెస్సికా చానికి ధైర్యం చెబుతుంది. ఆ యువరాణికి దక్కేది పేరు ఒక్కటే, భార్యలని చరిత్ర మనల్నే అంటుంది అని. అక్కడితో నవల అయిపోతుంది. 20 ఏళ్ళ కుర్రాడిగా నాకది తీయగా వినిపించింది. చానికి న్యాయం జరిగినట్టే అనిపించింది.

పెళ్ళయి, నాకూ ఒక ఇల్లంటూ ఏర్పడ్డాక, ఒకరోజు ఆ వాక్యం గుర్తొచ్చి చల్లగా తగిలింది. ఇద్దరాడవాళ్ళు ఒకే గోడల మధ్య బతకాలి. ఒకరికి పేరుంది మనిషి లేడు, ఇంకొకరికి మనిషున్నాడు పేరు లేదు. దాన్ని పట్టాభిషేకం అనుకుని నేను పుస్తకం మూసేశాను! హెర్బర్ట్ మూయలేదు. మెసయ్యలో ఇరులాన్ ఏళ్ళ తరబడి చాని తిండిలో గర్భం రాకుండా మందు కలుపుతుంటుంది, రహస్యంగా. పాల్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకుంటాడు. లోలోపల ఇరులాన్‌కి కృతజ్ఞతగా కూడా ఉంటాడు. ఎందుకంటే చాని కడుపు పండిన రోజు ఆమె ఆయువు తీరుతుందని అతనికి కనిపించింది. ఆ మందు కలిపినన్నాళ్ళూ చాని బతికుంటుంది.

ఈ ఒక్క ముడి చాలు నాకు. భవిష్యత్తు కనిపించేవాడికి ఇంట్లో జరిగే మోసం కూడా వరంలా కనిపించడం. బిడ్డ కోసం తపించిపోయే మనిషికి నిజం చెప్పలేక, పక్కనే పడుకుని నోరు మూసుకోవడం. లోకాల్ని జయించిన కథలో నాకు ఎక్కడా దొరకని పాల్ ఇక్కడ దొరికాడు. ఇతని కోసం విజిల్ వేయలేం. తిట్టడానికి కూడా నోరు రాదు. విలన్ అనడం మరీ హాస్యాస్పదం. అందుకే మేనల్లుడి మాట అంత గుచ్చుకుంది.

మా నానమ్మ శ్రీరామనవమికి తొమ్మిది రోజులూ రామాయణం చదివేది. పట్టాభిషేకం ఘట్టంతో ఆపేసి, పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, పానకం పంచేది. తర్వాతేమైంది అని నేనడిగితే, "ఆ తర్వాతది ఇంట్లో చదవకూడదురా" అనేది. చాలా ఇళ్ళలో ఉన్న పట్టింపే ఇది. ఉత్తరకాండ అంటే సీతను అడవికి పంపడం, ఆమె భూమిలోకి వెళ్ళిపోవడం, ఆఖర్న రాముడు సరయువులో దిగడం. తిక్కన అంతటివాడు ఉత్తరరామాయణం రాస్తూ రాముడి నిర్యాణం జోలికి పోలేదు. తర్వాత భారతానికి వచ్చి మౌసలపర్వం రాశాడు, యాదవులు తుంగ పరకలతో కొట్టుకుచావడం, కృష్ణుడు బోయవాడి బాణానికి ఒరిగిపోవడం అన్నీ రాశాడు. రాసినా, వానలు పడకపోతే విరాటపర్వం చదివించిన ఊళ్ళున్నాయి గానీ, మౌసలపర్వం చదివించిన ఊరు నేను వినలేదు. (విరాటపర్వం గురించి అరాకిస్ జనానికి ఎవరైనా చెప్పుంటే ఇంత గొడవే ఉండేది కాదు.)

నానమ్మకు ఉత్తరకాండ తెలియక కాదు. సీత భూమిలోకి పోయే ఘట్టం ఆవిడకు పద్యాలతో సహా కంఠతా వచ్చు. వంటింట్లో కూరగాయలు తరుగుతూ గొంతు తగ్గించి పాడుకోగా విన్నాను. పండగనాడు పీట మీద పెట్టి చదవదు, అంతే. ఆవిడ లెక్కలో రెండూ రామాయణమే. ఒకటి నలుగురికీ వినిపించేది, ఇంకొకటి ఒక్కతే ఉన్నప్పుడు పాడుకునేది. రెండోది తెలుసు గనక మొదటిది తప్పని ఆవిడ ఎప్పుడూ అనలేదు. పట్టాభిషేకానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్న చుట్టుపక్కల ఆడవాళ్ళని "మీకేం తెలీదు, తర్వాత సీతకేమవుతుందో" అని దెప్పలేదు.

"నా వరకు డ్యూన్ మొదటి పుస్తకంతోనే అయిపోయింది" అనే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళను చూసి నవ్వే అలవాటు నాకూ కొన్నాళ్ళుండేది. ఇప్పుడు లేదు. పట్టాభిషేకం దగ్గర ఆగడం ఒక రకం చదువు. అది తెలిసి ఆగినవాళ్ళతో నాకే పేచీ లేదు. పట్టాభిషేకానికి రాకుండానే, కనీసం పానకం కూడా తాగకుండానే, సరయువు గట్టున కూర్చుని "నాకు ముందే తెలుసు" అనేవాళ్ళ దగ్గరే చిక్కు. వాళ్ళు ఏడవలేదు, కోప్పడలేదు, మోసపోనూ లేదు. మోసపోని పాఠకుడితో ఆ నవలకు పనేముంది?

సినిమావాళ్ళకు ఈ చిక్కు ఎలా తీరుతుందో నాకు తెలియదు. చాని చేత రెండో సినిమాలోనే ఛీ కొట్టించేశాక, మూడోదాంట్లో ఆమె ప్రసవానికి ప్రేక్షకుడి ప్రాణం కొట్టుకోవాలంటే విలెన్యూవ్ ఏదో పెద్ద పనే చేయాలి. చేస్తాడేమో, గట్టివాడే.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. వెళ్ళేటప్పుడు అడక్కుండానే డ్యూన్ మొదటి పుస్తకం బ్యాగులో పెట్టి పంపాను. అబిడ్స్‌లో కొన్నదే, అట్టకు టేపు వేసి ఉంది. రెండు వారాలు చప్పుడు లేదు. అట్టే బీరువాకెక్కించి ఉంటాడనుకున్నాను. పోయిన గురువారం రాత్రి 1 గంట దాటాక ఫోన్ మోగితే ఉలిక్కిపడి లేచాను. మెసేజ్. "మామయ్యా పురుగు ఎక్కేశాడు!!!" అని, కింద వరసగా ఏవో బొమ్మలు. ఐదు నిమిషాలాగి ఇంకోటి. "ఇంక వాళ్ళందరికీ ఉంది చూడు".

నేనేమీ చెప్పలేదు. పడుకోరా, పొద్దున కాలేజీ లేదా అని పెట్టాను. నిన్న మళ్ళీ ఫోన్ చేసి, అయిపోయింది, రెండోది కొరియర్ చేస్తావా అని అడిగాడు. సినిమాల సంగతి, విలన్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బీరువాలోంచి తీసి దుమ్ము దులిపి ప్యాక్ చేశాను, ఈ సాయంత్రం వెళ్ళి ఇచ్చి రావాలి.